పూసలు కడిగిన నీళ్లు

నా కూతురి కూతురు అనంతపురంలో రసాయనశాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు, దానికి వండిపెట్టడానికని నన్ను ఊరి నుంచి పంపించారు. వంట కంటే కాపలాకే పంపించారని నాకూ తెలుసు, దానికీ తెలుసు. బుక్కరాయసముద్రం వైపు రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లు. నీళ్ల ట్యాంకరు ఏ రోజు వీధిలోకి వస్తే ఆ రోజు మాకు తలస్నానం.

నేను చదివింది మూడో తరగతి. రాయడం, చదవడం, కూడికలు వచ్చు. పిల్ల పుస్తకాల్లో మాత్రం తేనెపట్టు గదుల్లాంటి బొమ్మలు తప్ప నాకు ఏమీ అర్థమయ్యేవి కావు. అవేమిటని అడిగితే చెప్పేది, నేను విని ఊకొట్టేదాన్ని. అర్థం కాని దానికి ఊకొట్టడం నాకు చేతకాని పని, అయినా మనవరాలు కాబట్టి ఊకొట్టాను.

చేరిన మొదటి ఏడు ఒక సాయంత్రం అది దగ్గుకుంటూ ఇంటికి వచ్చింది. చేతిరుమాలు మడిచి సంచిలో దాస్తోంది. లాక్కుని చూశాను. రక్తపు మరక.

"ముక్కులోంచి వచ్చింది అవ్వా, కొంచెమే," అంది.

"ఎందుకొచ్చింది?"

"పొడి తూచేటప్పుడు ఎవరో ఫ్యాను వేసినారు. లేచింది."

"ఏం పొడి?"

నారింజ రంగు పొడి అట. క్రోమియం అనే లోహపు ఉప్పు అట. ఒక సరుకును ఇంకొక సరుకుగా మార్చడానికి అది కావాలట. మందులకూ, వాసన నూనెలకూ ఇట్లాంటి పనులన్నీ అవసరమేనట. పీల్చితే ముక్కు లోపల పుండ్లు పడతాయని, లోపలికి పోతే ఇంకా చెడ్డదని కూడా తానే చెప్పింది, ఏదో పాఠం అప్పజెప్పినట్టు.

పొడి అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా తమ్ముడు తాడిపత్రిలో బండలు కోసే పనికి పోయాడు. పదిహేనేళ్లు ఆ రాతి దుమ్ములో నిలబడి, చివరి రెండేళ్లు మంచం మీద కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. వాడి మంచం పక్కన కూర్చున్నదాన్ని నేను.

కాబట్టి ఆ పూట అన్నం వడ్డించే ముందే చెప్పేశాను.

"ఇంకొక్కసారి ఆ పొడి ముట్టుకున్నావని తెలిసిందంటే ఇంటికి తాళం వేస్తా. నిన్ను తీసుకుపోయి మీ అమ్మకు ఒప్పజెప్తా. చదువూ లేదు, గిదువూ లేదు."

"నిజంగానే చేస్తావు నువ్వు," అంది మనవరాలు.

"చేస్తా."

నేను ఊరికే బెదిరించే మనిషిని కానని దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కాసేపు అన్నం కెలికి, తర్వాత సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి నా ముందు విప్పింది. లోపల చిన్న చిన్న పూసలు. ఆవగింజల కంటే సన్నం, గసగసాల కంటే లావు. లేత గోధుమ రంగు.

"ఆ పొడి ముట్టుకోకుండా చేసే పనే నేను ఎత్తుకున్నాను అవ్వా. ఇవి ఒక రకం ప్లాస్టిక్ పూసలు. ఇప్పుడు ఒట్టివే, నువ్వు పట్టుకోవచ్చు. ఆ పొడిని ఒక్కసారి నీళ్లలో కరిగించి వీటికి పట్టించినామంటే అది పూసనే కరుచుకోని ఉంటాది. గాలికి లేయదు. ఈ పూసల్ని సరుకులో వేస్తే పని చేస్తాది. పనైనంక వడగడితే పూసలు పైన, మంచి సరుకు కింద. విషం పూసతోపాటే వెనక్కి వస్తాది."

నాకు అప్పుడు అర్థమైంది. మన పోపులో ఎండుమిరపకాయ లాగా. కారప్పొడి వేశామంటే కూరంతా కలిసిపోతుంది, మళ్లీ తీయలేం, వేసేటప్పుడు తుమ్ములు కూడా. కాయను కాయగానే వేస్తే కారం దిగుతుంది, తినేటప్పుడు కాయను తీసి పళ్లెం పక్కన పెట్టుకోవచ్చు. ఈ మాటే దానితో అంటే పకపకా నవ్వి, "మా సారు కూడా ఇంత బాగా చెప్పలేదు," అంది.

"పనైనంక ఆ పూసల్ని పారేస్తారా?"

"లేదు. కడిగి, మొదట కరిగించి పెట్టుకున్న మందే మళ్లా పట్టించి, మళ్లా వాడొచ్చు."

వాడి, కడిగి, మళ్లీ వాడే వస్తువని వినగానే నాకు ఆ పూసల మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

అయితే దానికి ఒక మెలిక ఉంది. దాని సారు, అంటే పరిశోధన చేయించే ఆయన, ఒక షరతు పెట్టారు. అవే పూసలు అయిదు విడతలు వాడి చూపించాలి, అయిదు విడతలూ సరుకు ఒకే తీరున రావాలి. వచ్చిందా, పరిశోధన ఈ పూసల మీదే. రాలేదా, మళ్లీ పాత పొడి పద్ధతికే. పొడికి పోతే నేను ఇంటికి తాళం వేస్తాను. అట్లా పిల్ల చదువంతా చారెడు పూసల మీదికి వచ్చి నిలబడింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. అది చేసే సరుకుకు బాదంపప్పు వాసన. బడి నుంచి వచ్చిందంటే చున్నీ నిండా అదే వాసన. మొదటిరోజు నేను గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను.

"యాడ తిన్నావే బాదం హల్వా, నాకు చెప్పకుండా?"

"తినలేదు అవ్వా, చేసినాను."

"చేసినదానివి నాకు ఇంత తేవాల కదా."

"తెస్తే నువ్వు పైకి పోతావు."

అట్లా ఉండేవి మా మాటలు. దగ్గు పోయింది. ముక్కు బాగుపడింది. నేను పైకి ఏమీ అనలేదు కానీ, ఆ పూసల్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో, వాడి కడుపు చల్లగా ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకునేదాన్ని.

ఇక నీళ్ల సంగతి చెప్పాలి.

పూసలకు మందు పట్టించాక, అంటుకోకుండా పైన మిగిలిపోయిన మందును నీళ్లతో కడిగేయాలి. ఆ నీళ్లు బోరు నీళ్లు పనికిరావు. ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు కావాలి. వాళ్ల డిపార్టుమెంటులో ఆ నీళ్లు తయారుచేసే యంత్రం ఉంది కానీ, దాన్ని చల్లబరచడానికి కొళాయి గంటల తరబడి ధారగా పారుతూ ఉండాలట. తాగడానికే లేని ఏళ్లలో యంత్రానికి ఎవరు పోస్తారు? మూలపడింది. అందుకని మనవరాలు లారీ బ్యాటరీలలో పోసే నీళ్లు అమ్మే అంగడికి పోయి, ఇరవై లీటర్ల డబ్బా ఒకటి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

"చదువుకునేకాడ పెట్టకుండా ఇంటికి ఎందుకు తెచ్చినావు?" అన్నాను.

"ఆడ పెడితే రెండు రోజుల్లో అందరూ కలిసి ఖాళీ చేస్తారు అవ్వా. రోజూ ఒక సీసా నింపుకోని పోతా."

ఆ తెలివి నా నుంచే వచ్చిందని సంతోషించాను.

"ఇది విషమా?"

"కాదు. ఒట్టి నీళ్లు. ఉత్త నీళ్లు తప్ప ఇంకేమీ లేని నీళ్లు."

ఈ మాట అది నాకు చెప్పకుండా ఉండాల్సింది.

మా వైపు ట్యాంకరు తెచ్చే బోరు నీళ్లలో కందిబేడలు ఉడకడం ఎంత కష్టమో ఈ జిల్లా ఆడవాళ్లను అడిగితే చెబుతారు. గంటసేపు ఉడికినా గింజ గింజగానే ఉంటుంది. గిన్నె అడుగున మాత్రం సున్నంలా తెల్లటి పొర కడుతుంది. కుక్కరు కొనమని కూతురు పోరేది. ఈలవేసే గిన్నెను నేను నమ్మను. ఒకరోజు ట్యాంకరు రాలేదు. పొయ్యి మీద బేడలు సగం ఉడికి నీళ్లు ఇంకిపోయాయి. డబ్బాలోంచి ఒక చెంబు ముంచి పోశాను. పోసిన కాసేపటికే గరిటె పెట్టి చూస్తే వెన్న.

ఆ పూట మనవరాలు పప్పు రెండోసారి వేయించుకుంది. "అవ్వా, ఈ పొద్దు ఏమేసినావు ఇందులో?" అంది. నా చేతి వంటను అది మెచ్చుకోవడం అరుదు. ఏమీ చెప్పలేదు.

మర్నాడు కూడా ముంచాను. ఆ మర్నాడు కూడా. గ్యాసు సగానికి సగం కలిసివచ్చింది. అయితే నాకు ఒకరి వస్తువు ఊరికే వాడుకునే అలవాటు లేదు. తీసుకున్నన్ని నీళ్లు తిరిగి పోసేదాన్ని. బోరు నీళ్లే, కానీ ఊరికే పోయలేదు. బాగా కాచి, చల్లార్చి, నాలుగు మడతల తెల్లగుడ్డలో రెండుసార్లు వడగట్టి పోసేదాన్ని. కంటికి రెండు నీళ్లూ ఒక్కటే. కాచితే పురుగు చస్తుంది, వడగడితే మట్టి పోతుంది, ఇంకా నీళ్లలో ఏం మిగిలి ఉంటుంది? అదీ నా లెక్క. అది సీసాకు పట్టుకుపోయిన వెలితి కూడా నేనే పూడ్చేదాన్ని, డబ్బా ఎప్పుడూ గొంతు దాకా నిండే ఉండేది. మనవరాలికి అనుమానం రాలేదు. డబ్బా ఎందుకు తగ్గడం లేదని అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. అంగడి నుంచి నేనే ఇంకో డబ్బా తెప్పించి నింపుతున్నానని అనుకుందట, తర్వాత చెప్పింది.

రెండు వారాలు గడిచాయి. పిల్ల ముఖం వాడిపోవడం మొదలైంది. బాదం వాసన తగ్గింది. ఒక మధ్యాహ్నం సెలవురోజు, ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. అది కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"మొదటి విడత బాగా వచ్చింది. రెండో విడతకే సగానికి పడిపోయింది. మూడో విడత ఇంకా అన్యాయం."

"పూసలు పాడైనాయా?"

"తెలీలేదు అవ్వా. మందు పట్టించి కడుగుతానా, ముందంతా రెండు మూడు కడుగులకు నీళ్లు తేటగా వచ్చేవి. ఇప్పుడు ఎంత కడిగినా పసుపుపచ్చగానే కారతాండాది. పూస మందును పట్టుకోవడం లేదు, వదిలేస్తాండాది."

"ఎందుకు వదులుతాది?"

"పూసకు ఏదో ఒకటి పట్టుకోని ఉండాల. ఉప్పు ఎదురైతే మందును వదిలి ఉప్పును పట్టుకుంటాది. కానీ ఉప్పు యాడనుంచి వస్తాది? నేను కడిగేది బ్యాటరీ నీళ్లతో కదా."

నా చేతిలో పప్పు గరిటె ఉంది. మా బోరు నీళ్లు నాలుక మీద వేసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. ఎంత కాచినా ఉప్పు ఎక్కడికి పోతుంది? గిన్నె అడుగున ఆ తెల్లపొర రోజూ బూడిదతో తోమేదాన్ని నేనే. అన్నీ తెలిసినదాన్నే. కానీ ఆ తెలివి డబ్బా దగ్గర నాకు గుర్తురాలేదు.

ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సిగ్గు ఒకటి. ఇంట్లో గ్లాసు బోర్లిస్తే ఎవరు బోర్లించారని నిలదీసేదాన్ని నేను. అంతకంటే చెడ్డ ఆలోచన ఇంకొకటి వచ్చింది, దాన్ని కూడా దాచకుండా రాస్తాను. నేను నోరు మూసుకుంటే చాలు. పూసలు పనికిరావని తేలిపోతుంది. పిల్ల నా వెంట ఊరికి వచ్చేస్తుంది. ఇక ఏ పొడీ ఉండదు. నా తమ్ముడి మంచం కళ్లముందు మెదిలినప్పుడల్లా అదే మంచిదనిపించింది. రెండు రోజులు అట్లాగే ఉన్నాను. ఆ రెండు రోజులూ డబ్బాను ముట్టలేదు. పప్పు ఉడకలేదు. అది అట్లాగే తినేసింది.

మూడోరోజు పొద్దున అది అద్దం ముందు నిలబడి ఉంది. తెల్లటి చేతిగుడ్డను మూడు మడతలు పెట్టి ముక్కుకూ నోటికీ అడ్డంగా కడుతోంది, విప్పుతోంది, ఇంకొంచెం బిగించి మళ్లీ కడుతోంది. నేను వెనక నిలబడి చూస్తున్నది గమనించలేదు.

"ఏం చేస్తాండావే?"

ఉలిక్కిపడి గుడ్డ విప్పేసింది.

"ఏం లేదు అవ్వా. ఎండకు, దుమ్ముకు."

"సారు ఏమన్నాడు?"

విప్పిన గుడ్డను మళ్లీ మడిచింది. తర్వాత నేలచూపులు చూస్తూ చెప్పింది.

"సోమవారం నుంచి పొడితోనే చెయ్యమన్నాడు. నీకు చెప్పకూడదు అనుకున్నాను. చెప్తే తాళం వేస్తావు."

ఆ మాటతో నా లెక్క తలకిందులైంది. నేను నోరు మూసుకుంటే పిల్ల ఊరికి రాదు. నాకు తెలియకుండా, మూడు మడతల గుడ్డ కట్టుకుని, ఆ నారింజ పొడి దగ్గరికే పోతుంది. మొండితనంలో అది నాకే పుట్టిందేమో అన్నట్టు ఉంటుంది.

"కూర్చో," అన్నాను. కూర్చుంది. "డబ్బాలో నీళ్లు నేను మార్చినా."

"ఏం మార్చినావు?"

"పప్పుకు వాడుకున్నా. వాడుకున్నన్ని బోరు నీళ్లు పోసినా. కాచి, వడగట్టే పోసినాలే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా నేను పడేదాన్నే ఆ రోజు.

"ఎన్ని రోజుల్నించి?"

"నువ్వు పప్పు రెండోసారి వేయించుకున్న పొద్దునుంచి."

నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. నవ్వుతూనే ఏడ్చింది కూడా. "పూసలు మంచివే అవ్వా," అంది, "పూసలు మంచివే." ఆ మాట నాలుగైదుసార్లు అంది.

తర్వాత దానికి ఇంకో దిగులు పట్టుకుంది. సారు నమ్మడేమో, పని చెడగొట్టుకుని సాకు చెబుతోందనుకుంటాడేమో అని.

"నేను వచ్చి చెప్తా," అన్నాను.

"నువ్వు వద్దు అవ్వా. అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. పళ్లేమీ ఊడవు."

ఉతికిన చీర కట్టుకుని, ఆ డబ్బాలోంచి ఒక సీసా నింపుకుని దానితో బస్సెక్కాను. సారు నేను అనుకున్నంత పెద్దవాడు కాదు. మా వైపు మనిషే, మాటను బట్టి తెలిసింది. నా నుంచి అంతా విన్నాడు, ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు. విన్నాక రెండు గాజు గొట్టాలు తెప్పించాడు. ఒకదాంట్లో నా సీసా నీళ్లు, ఇంకోదాంట్లో ఎవరో కొత్తగా కొన్న బ్యాటరీ నీళ్లు పోశాడు. గోధుమరంగు సీసాలోంచి ఏదో మందు రెండింటిలోనూ తలా ఒక చుక్క వేశాడు. కొత్త నీళ్లు ఉన్నట్టే ఉన్నాయి. నావి మజ్జిగ గిన్నె కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి.

"ఉప్పు," అన్నాడు సారు. "నాలుగు మడతల గుడ్డలో ఆగేది కాదు పెద్దమ్మా."

"తెలిసింది సార్."

"ఇంకేమన్నా మార్చినావా?"

"ఇంకేమీ లేదు సార్. మిగతావన్నీ అది పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాది."

సారు నవ్వాడు. మనవరాలి వైపు తిరిగి, "ఉప్పు నీళ్లు తగిలితే ఈ పూస మందును వదిలేస్తాదని పుస్తకాల్లో ఉండాదమ్మా. నీళ్లను ముందే ఎందుకు పరీక్ష చెయ్యలేదు నువ్వు?" అన్నాడు. అది తల వంచుకుంది. నాకు కోపం వచ్చింది, పిల్ల మీద కాదు, సారు మీద. తప్పు నాదని చెప్పాక కూడా దాన్ని అడుగుతాడేమని. కానీ ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఇంట్లోవాళ్లను నమ్మడం వేరు, నీళ్లను నమ్మడం వేరు.

"జరిగింది జరిగినట్టు రాసిపెట్టు," అన్నాడు ఆయన. "ఈ జిల్లాలో పని చేసేవాళ్లకు పనికొస్తాది. పప్పు సంగతి రాయొద్దులే. సోమవారం పొడి జోలికి పోవద్దు. ఒక నెల ఇస్తా, ఆ పూసలే, మొదటి నుంచి."

పిల్ల కొత్త డబ్బా కొనుక్కొచ్చింది. ఆ నెలంతా నేను వంటింట్లో ఆ డబ్బా ఉన్న మూలకు పోలేదు. పిల్ల కూడా ప్రతిరోజూ సీసా నింపాక ఒక చుక్క పరీక్ష చేసి గానీ పూసల మీద పోసేది కాదట. పాత మందు మిగిలింది పూర్తిగా వదిలించి, కడిగి, మళ్లీ పట్టించింది. కడిగిన పచ్చనీళ్లు మోరీలో పోయకుండా ఒక క్యానులో వేరుగా పట్టిందని చెప్పింది. ఆ పని మాత్రం నేను అడిగి చేయించాను. మన విషం ఇంకొకరి బోరులోకి దిగకూడదు.

మొదటి విడత బాగుందని వచ్చి చెప్పింది. రెండోది బాగుందని చెప్పింది. మూడో విడత నాడు ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. పడుకోబోతూ, "అవ్వా, అదీ బాగుండాది, దిష్టి తగులుతాదని చెప్పలేదు," అంది. సైన్సు చదివే పిల్ల. నాలుగో విడతకు ఒక్క పిసరు తగ్గిందట. ఆ ఒక్క పిసరుకు రెండు రోజులు తిండి సరిగా తినలేదు.

అయిదో విడత నాడు నేనూ వెంట పోయాను. ఎందుకొస్తావని అది అడగలేదు. వరండాలో చెక్కబల్ల మీద కూర్చున్నాను. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూసి, "ఆ పిల్ల అవ్వనా?" అని అడిగారు. కొందరికి నీళ్ల కథ తెలిసిపోయినట్టు ఉంది, మర్యాదగా నవ్వారు. పన్నెండు దాటింది. రెండయింది. తెచ్చుకున్న సద్ది విప్పబుద్ధి కాలేదు. కళ్లు మూసుకుని తలుపు చప్పుడు కోసం వింటూ కూర్చున్నాను. నేను దీన్ని ఊరికి లాక్కుపోవాలని రెండు రోజులు ఆశపడిన మనిషినే. ఆ పొద్దు మాత్రం ఆ పూసలు గెలవాలని మొక్కుకున్నాను.

మూడు కావస్తుండగా తలుపు తెరుచుకుంది. తెల్లకోటులో అది. చేతిలో బొటనవేలంత వెడల్పు గాజుపలక, తెల్లటి పూత పూసినది. నా పక్కన కూర్చుని దాన్ని నా కళ్లముందు పెట్టింది.

"ఇది మొదటి విడత సరుకు చుక్క. ఇది ఈ పొద్దుది. ఒకే ఎత్తులో ఉండాయి చూడు. పైనా కిందా ఇంకే చుక్కా లేదు."

"లేకుంటే ఏమని అర్థం?"

"పాత సరుకు మిగలకుండా పూర్తిగా మారిపోయిందని. తూకం కూడా సరిపోయింది. సారు సంతకం పెట్టినాడు. పూసల మీదే చెయ్యమన్నాడు అవ్వా, ఇంకా మూడేళ్లు."

పలకను రెండు చేతులా పట్టుకుని చూశాను. చుక్కలు కనిపించాయి. అవి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో నాకు సరిగా తెలియలేదు, కళ్లు మసకగా ఉన్నాయి. పలక దాని చేతికి ఇచ్చేశాను.

"సరేలే," అన్నాను. "రేపు నిన్ను ఎన్ని గంటలకు లేపాల?"